స్ప్రింట్ చివర్లో టికెట్లు మిగిలిపోతున్నాయి. కమిట్లు లెక్కపెట్టాలా, మనుషుల్ని పెంచాలా?

కొత్త_లీడ్:
మాది ఏడుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు ఉన్న టీమ్. రెండు వారాల స్ప్రింట్, అంటే రెండు వారాలకోసారి కొంత పని ఒప్పుకుని పూర్తి చేయాలి. ప్రతిసారీ మూడో వంతు టికెట్లు (విడివిడిగా రాసుకున్న పనులు) తర్వాతి స్ప్రింట్‌కి జారిపోతున్నాయి. చూస్తే అందరూ రోజంతా పనిలోనే ఉంటున్నారు. డెలివరీ మేనేజర్ గారు రెండు దారులు చెప్పారు: ఎవరు ఎన్ని కమిట్లు చేశారో (కోడ్ మార్పుల్ని ఎన్నిసార్లు నమోదు చేశారో) వారం వారం చూడటం, లేదంటే ఇంకో ఇద్దర్ని తీసుకోవడం. ఏది మేలంటారు?

బోర్డు_చూపరి:
రెండూ వద్దండి. కమిట్లు లెక్కపెడితే ఒక్క కమిట్‌లో అయ్యే పని ఐదు ముక్కలవుతుంది, అంతే. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పక్కవాళ్ల కోడ్ ఓపిగ్గా చూసేవాళ్లు, ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే చోట) వచ్చిన బగ్ మూలం పట్టుకునేవాళ్లు ఆ లెక్కలో వెనకబడతారు. కొన్నాళ్లకి ఆ పనులు మానేస్తారు.

ముందు జిరాలో (టికెట్లు రాసుకునే టూల్) ఈమధ్య పూర్తయిన ఇరవై టికెట్లు తీయండి. ఒక్కోదానికి ఐదు తేదీలు షీట్‌లో వేయండి: పని మొదలు, పుల్ రిక్వెస్ట్ (రాసిన కోడ్ చూసి కలపమని అడగడం) పెట్టింది, మొదటి రివ్యూ కామెంట్, మెర్జ్ (ఆ కోడ్ అసలు కోడ్‌లో కలిసింది), టెస్టింగ్ పూర్తి. కోడ్ రాసిన రోజులు వేరు, ఊరికే ఎదురుచూసిన రోజులు వేరుగా కూడండి. అందరూ బిజీగా ఉన్నా పని కదలడం లేదంటే చాలావరకు ఆలస్యమంతా ఆ ఎదురుచూపుల్లోనే ఉంటుంది. షీట్‌లో పేర్ల కాలమ్ మాత్రం పెట్టకండి. పెడితే అది అప్రైజల్ కాగితమైపోతుంది, తేదీలు కూడా నిజం చెప్పవు.

తర్వాత లిటిల్ సూత్రం వాడండి. చేతిలో ఉన్న పనుల్ని వారానికి పూర్తయ్యేవాటితో భాగిస్తే ఒక పనికి పట్టే సగటు కాలం వస్తుంది. టికెట్లు ఏ దశలో ఉన్నాయో చూపే బోర్డు మీద 18 టికెట్లు తెరిచి ఉండి, వారానికి 6 పూర్తవుతుంటే ఒక్కోదానికి 3 వారాలు. రెండు వారాల స్ప్రింట్‌లో అవి ఎలా పడతాయి? తెరిచినవి 9కి తగ్గించి, అదే వేగం నిలబెడితే వారంన్నర చాలు. అంటే రివ్యూలో ఉన్నవి కూడా కలుపుకుని ఎనిమిది, తొమ్మిది దాటితే కొత్త టికెట్ ఎవరూ తీసుకోకూడదు. చేతులు ఖాళీ అయినవాళ్లు ఆగిపోయిన రివ్యూ చూడాలి, లేదా టెస్టింగ్‌కి సాయపడాలి.

రివ్యూకి రెండు నియమాలు చాలు. పొద్దున రాగానే సొంత కోడ్ తెరవకముందే పెండింగ్ రివ్యూలు చూడాలి. పుల్ రిక్వెస్ట్ 300 లైన్లు దాటకూడదు; పేర్లు మార్చడం, ఫార్మాటింగ్ లాంటివి విడిగా పెట్టాలి. వెయ్యి లైన్లు ఒకేసారి వస్తే ఎవరూ లోపలికి వెళ్లి చూడరు, అప్రూవ్ నొక్కేస్తారు. ఆ బగ్గులు టెస్టింగ్‌లో తేలతాయి, టికెట్ మళ్లీ మొదటికొస్తుంది.

రిలీజ్_పని:
మనుషుల్ని పెంచడం గురించి. ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు. ఏడుగురి మధ్య మాట్లాడుకునే జతలు 21, తొమ్మిదిమందైతే 36. కొత్తవాళ్లకి వీపీఎన్, రెపో (కోడ్ ఉండే చోటు) పర్మిషన్లు, లోకల్ సెటప్ చేసిపెట్టి, కోడ్ వివరించేది మీ సీనియర్లే కదా! తీసుకోవాల్సి వస్తే వచ్చే రిలీజ్ కోసం తీసుకోండి. మొదటి వారంలో ఒక చిన్న బగ్ సరిచేసి ప్రొడక్షన్ దాకా పంపనివ్వండి. సెటప్ డాక్యుమెంట్‌లో ఏ స్టెప్పులు పాతబడ్డాయో కూడా అప్పుడే బయటపడుతుంది.

కొత్త_లీడ్:
థాంక్సండీ. పేమెంట్ మాడ్యూల్ ఒక్క సీనియర్‌కే తెలుసు. రివ్యూలన్నీ ఆయన దగ్గరే ఆగుతున్నాయి. పైగా రాత్రి ఎనిమిదిన్నరకి అమెరికా క్లయింట్‌తో స్టాండప్ (రోజూ జరిగే చిన్న మీటింగ్).

బోర్డు_చూపరి:
అయితే ముందు అదే సరిచేయండి. పేమెంట్ టికెట్లు ఆయనకి ఇవ్వడం ఆపండి. ఇంకొకరు రాయాలి, ఆయన పక్కన కూర్చుని చెప్పాలి, రివ్యూ మూడో మనిషి చేయాలి. మొదటి రెండు స్ప్రింట్లు వేగం తగ్గుతుంది. ఈ మాట డెలివరీ మేనేజర్‌కి ముందే చెప్పి ఒప్పించండి. లేకపోతే మధ్యలో ఆపించేస్తారు.

రిలీజ్_పని:
రాత్రి ఎనిమిదిన్నర అంటే న్యూయార్క్‌లో చలికాలం ఉదయం 10, వేసవిలో 11. క్లయింట్ వింటున్న మీటింగ్‌లో "నాకు ఇక్కడ ఆగిపోయింది" అని ఎవరూ నోరు తెరవరు. కాబట్టి పొద్దున 11కి పావుగంట మీ టీమ్‌తోనే విడిగా కూర్చోండి. మనుషుల వరసలో కాకుండా బోర్డు కుడివైపు నుంచి, అంటే పూర్తి కావడానికి దగ్గర్లో ఉన్న టికెట్ నుంచి మొదలుపెట్టి, అది ఎవరి కోసం ఆగిందో అడగండి. క్లయింట్ కాల్‌కి రోజుకి ఇద్దరు చాలు, వంతులు వేయండి. రాత్రి కాల్‌లో ఉన్నవాళ్లని మర్నాడు పదిన్నరకి ముందు ఏ మీటింగ్‌కీ పిలవకండి.