వీణ రికార్డింగ్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్: మైకుతో కలిపి పాతిక వేల లోపు ఏది తీసుకోవచ్చు?

రాజమండ్రి_వీణ:
అందరికీ నమస్కారం. నేను రాజమండ్రిలో వీణ నేర్పుతాను. కొందరు పిల్లలు ఇంటికొస్తారు, డల్లాస్, న్యూజెర్సీ వైపు వాళ్లకి తెల్లవారుజామున జూమ్‌లో క్లాసులు. ఇన్నాళ్లూ లాప్‌టాప్ మైకుతోనే లాక్కొచ్చాను. ఇప్పుడు వర్ణాలు, కొన్ని కృతులు పాఠంగా శుభ్రంగా రికార్డు చేసి ఇవ్వాలని ఉంది.

నా దగ్గరున్నది బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగలో చెక్కింది, పికప్ కోసం దానికి చిల్లు పెట్టనివ్వను. అందుకే బ్రిడ్జి పక్కన అంటించే కాంటాక్ట్ మైకు కొన్నాను. దాన్ని కన్వర్టర్ పెట్టి విండోస్ లాప్‌టాప్‌కి గుచ్చితే రేకు డబ్బా మీద మీటినట్టు వస్తోంది. మంద్రం అసలు లేదు. పైగా వెనక గుయ్యిమని ఒకటే మోత.

మైకుని లాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టెల్లో బెరింగర్ యూఎంసీ22, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, ఆడియెంట్ ఎవో 4, ఈ మూడూ చూశాను. మ్యూజిక్ షాపులో అబ్బాయేమో 192 కిలోహెర్ట్జ్ లేనిది తీసుకుంటే డబ్బులు దండగ అంటున్నాడు. నిజమేనా? గదిలో ఏసీ లేదు, ఫ్యాన్ ఆపితే ఉడికిపోతాం. అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

ఫేడర్_హైదరాబాద్:
అమ్మా, ముందు ఆ 192 సంగతి వదిలేయండి. అది శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పే అంకె, అందులో సగం దాకా ఉన్న స్వరాలు రికార్డవుతాయి. మనిషి చెవికి అందేది 20 కిలోహెర్ట్జ్ దాకానే, అదీ చిన్న వయసులో. 48లో రికార్డు చేస్తే 24 కిలోహెర్ట్జ్ దాకా పడుతుంది, వీడియోలకి వాడేదీ అదే. 192 పెడితే ఫైలు నాలుగింతలు అవుతుంది, ఇంకేం ఒరగదు. 24 బిట్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి. వీణలో గట్టి మీటుకీ, గమకం లాగాక చివర సన్నగా మిగిలే నాదానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. 24 బిట్‌లో అయితే పెద్ద మీటు కూడా పై హద్దుకి 12 డెసిబెల్స్ కింద, అంటే -12 దగ్గర ఆగేలా గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టుకునేది) తగ్గించుకోవచ్చు. ఆ చివరి నాదం చెడదు.

మంద్రం ఎక్కడ పోయిందో చెప్తాను. కాంటాక్ట్ మైకు లోపల ఉండేది పీజో బిళ్ల, అంటే చెక్క అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చేది. దానికి ఒక మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌లు) అటూఇటూగా ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, ఉన్న ఇన్‌పుట్ కావాలి. లాప్‌టాప్ మైకు సాకెట్‌కి ఉండేది కొన్ని వేల ఓమ్‌లే, అందులో గుచ్చితే కింది స్వరాలు ఎగిరిపోతాయి. మీ వీణకి వచ్చిన లోపం ఏమీ లేదు. ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసమని ఇచ్చే 'ఇన్‌స్ట్రుమెంట్' ఇన్‌పుట్‌లో పెట్టి చూడండి, మంద్రం తిరిగొస్తుంది. మీరు చెప్పిన మూడింటికీ ఆ ఇన్‌పుట్ ఉంది.

అయినా కాంటాక్ట్ మైకు ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. మెట్ల మీద వేలు జారే చప్పుడు దానికి బాగా అందుతుంది, కుండలోంచి గాల్లోకొచ్చే నాదం అందదు. అసలు రికార్డింగ్ కండెన్సర్ మైకుతో (గాల్లో వచ్చే సన్నటి నాదాన్ని కూడా పట్టుకునే రకం) చేయండి, ఇది తోడుగా కాస్త కలుపుకోవచ్చు. మైకు కుండ పైపలకకి మూరెడు దూరంలో, కొంచెం ఎత్తు నుంచి చూస్తున్నట్టు పెట్టాలి. మీటే చేతికి సూటిగా పెడితే గోటి చప్పుడు ముందుకొచ్చేస్తుంది.

ఇక మోడల్. ఈ ధరలో మైకు ప్రీఆంప్‌లు (మైకు సిగ్నల్‌ని పెంచే భాగాలు) ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. నాయిస్ అంకెలు పట్టుకుని జనం రాత్రంతా వాదించుకుంటారు గానీ, పైన ఫ్యాన్ తిరిగే గదిలో ఆ తేడా ఎవరికీ వినపడదు. మైకైనా అంతే. ఆడియో టెక్నికా ఏటీ2020 సొంత నాయిస్ 20 డెసిబెల్స్, రోడ్ ఎన్‌టీ1ది నాలుగైదే. ఆ తేడా స్టూడియోలాంటి నిశ్శబ్దమైన గదిలోనే తెలుస్తుంది. అందుకని ఏటీ2020 చాలు. రికార్డు చేసే ఆ కాసేపు మాత్రం ఫ్యాన్ ఆపక తప్పదు, దానికి ఏ ఇంటర్‌ఫేసూ విరుగుడు కాదు.

యూఎంసీ22 చవక, పని చేస్తుంది. కానీ విండోస్‌లో ఆసియో4ఆల్ లాంటి డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లు పెట్టుకుని కుస్తీ పట్టాలి. సోలోలో మైకు ఇన్‌పుట్ ఒక్కటే. ఎవో 4లో మైకు ఇన్‌పుట్‌లు రెండు, గెయిన్ 58 డీబీ. కండెన్సర్ మైకుకి అది పుష్కలం. నా ఓటు దానికే. ఒక్కటి గుర్తుంచుకోండి: దాని ముందువైపు ఇన్‌స్ట్రుమెంట్ సాకెట్లో జాక్ పెడితే అది ఒకటో ఛానెల్‌ని తీసేసుకుంటుంది. కాబట్టి మైకు రెండో దాంట్లో పెట్టండి, కండెన్సర్ మైకు నడవడానికి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు కూడా ఆ ఛానెల్‌కే ఆన్ చేయండి.

వలంతల_బెజవాడ:
నేను మృదంగం వాయిస్తాను. రెండు ఇన్‌పుట్‌లు కొనమని సలహా ఇచ్చే ముందు అమ్మగారు రేపు ఎవరితో కలిసి వాయిస్తారో కూడా అడగాల్సింది. మృదంగానికే వలంతలకి (కుడి వైపు) ఒకటి, తొప్పికి (ఎడమ వైపు) ఒకటి, రెండు మైకులు కావాలి. వీణతో కలిస్తే మూడు. ఇంకొంచెం వేసుకుని బెరింగర్ యూఎంసీ404హెచ్‌డీ తీసుకుంటే నాలుగు మైకు ఇన్‌పుట్‌లు వస్తాయి. మళ్లీ మళ్లీ కొనే పని ఉండదు.

ఫేడర్_హైదరాబాద్:
అన్నా, కచేరీ రికార్డింగ్ అయితే మీ మాటే కరెక్టు. ఆవిడ అడిగింది పాఠాల కోసం. మృదంగం కావాలంటే వీణ ట్రాక్ పంపిస్తే మీరు మీ ఇంట్లో వాయించి పంపలేరా? పైగా 404కి విడిగా పవర్ అడాప్టర్ ఉండాలి. ఎవో 4 అయితే లాప్‌టాప్ యూఎస్‌బీ మీదే నడుస్తుంది, కరెంటు పోయినా రికార్డింగ్ ఆగదు.

వలంతల_బెజవాడ:
కృతికి సరే, అలా వాయించి పంపొచ్చు. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలకి మాత్రం కుదరదు. ఆవిడ ఎక్కడ ముగిస్తారో ఎదురుగా కూర్చుని ముఖం చూస్తేనే మాకు తెలిసేది. పాఠాల వరకైతే మీరన్నదానికి అడ్డు చెప్పను.

ఎర్త్‌పిన్:
ఆ గుయ్యిమనే మోత గురించి ఎవరూ మాట్లాడలేదు. మేడమ్, లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద ఒకసారి రికార్డు చేసి వినండి. మోత పోతే తప్పు ఛార్జర్ వైపు ఉన్నట్టు. రెండు పిన్నుల ఛార్జరైనా, గోడ సాకెట్లో ఎర్తింగ్ సరిగా లేకపోయినా ఇలాగే వస్తుంది. మన ఇళ్లలో మూడో చిల్లు ఉంటుంది గానీ వెనక వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చూస్తే తప్ప తెలీదు. ఇంకో సంగతి, ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయినప్పుడు ఛార్జర్ దానికి పెట్టి రికార్డు చేయొద్దు, జుయ్‌మని వేరే మోత మొదలవుతుంది. పీజో వైరు దగ్గర్లో ఫ్యాన్ రెగ్యులేటర్ ఉంటే అది కూడా పట్టుకుంటుంది.

రాజమండ్రి_వీణ:
ఎర్త్‌పిన్ గారూ, ఛార్జర్ పీకగానే మోత ఆగిపోయింది! రేపు ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తున్నాను. మా వారు ఈ ఇల్లు కట్టినప్పటి నుంచీ ఎర్తింగ్ ఉందనే చెప్తున్నారు, చూద్దాం.

ఫేడర్ గారూ, ఎవో 4, ఏటీ2020 తీసుకుందామని నిర్ణయించుకున్నాను. ఇంకొక్క సందేహం. జూమ్ క్లాసులో నేను తంబూరా పెడితే పిల్లలకి కాసేపటికే వినపడకుండా పోతుంది. మీటిన తర్వాత నాదం కూడా మధ్యలో తెగిపోతుందంటున్నారు. కొత్తది కొంటే అది కూడా బాగవుతుందా?

ఫేడర్_హైదరాబాద్:
కొన్నంత మాత్రాన బాగవదమ్మా. ఆ పని చేసేది జూమ్. ఆగకుండా ఒకే తీరుగా మోగేది ఏదైనా దానికి ఫ్యాన్ చప్పుడు లెక్క. తంబూరాని కోసేస్తుంది, వీణ నాదం సన్నబడగానే దాన్నీ కోసేస్తుంది. ఆడియో సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్' ఎంచుకోండి, కిందే హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్ ఉంటుంది, అది కూడా. క్లాసు మొదలయ్యాక ఒరిజినల్ సౌండ్ ఆన్‌లో ఉందో లేదో స్క్రీన్ మీద చూసుకోండి. ఆ పద్ధతిలో ఎకో తీసేయడం ఆగిపోతుంది కాబట్టి మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి, లేకపోతే పిల్లల గొంతు వాళ్లకే తిరిగి వినపడుతుంది.

తంబూరా యాప్ లాప్‌టాప్‌లోనే నడుపుతుంటే ఎవో 4లో లూప్‌బ్యాక్ ఉంది, తంబూరా మైకు మీద పడకుండా నేరుగా పిల్లలకి వెళ్తుంది. యూఎంసీ22లో ఈ సదుపాయం లేదు. రికార్డింగ్ అప్పుడు తంబూరా హెడ్‌ఫోన్‌లోనే వినండి, వీణ ట్రాక్ మీద దాన్ని పడనివ్వకండి. శ్రుతి తర్వాత వేరే ట్రాక్‌గా కలుపుకోవచ్చు.

రాజమండ్రి_వీణ:
చాలా థ్యాంక్స్ అండి. మైకు స్టాండు కూడా ఆర్డర్ పెడదామని చూస్తే అన్నీ నిలబడి పాడేవాళ్ల ఎత్తులో ఉన్నాయి. నేను చాప మీద కూర్చుని వాయిస్తాను కదా, ఏది తీసుకోను?

వలంతల_బెజవాడ:
దీనికి నేను చెప్తానమ్మా, మాదీ నేల మీద బతుకే. డ్రమ్స్‌లో కిక్ డ్రమ్‌కి పెట్టే పొట్టి బూమ్ స్టాండ్ అని అడగండి. అడుగు బరువుగా ఉన్నది చూసి తీసుకోండి, కండెన్సర్ మైకు బరువుకి తేలికపాటివి ముందుకు ఒరిగిపోతాయి. బూమ్ చెయ్యి కుండ వైపు నుంచి రావాలి. దండి వైపు పెడితే ఎడమ చెయ్యి ఆడే చోటికి అడ్డం. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ మైకు పెట్టెలో రాదు, అది కూడా ఆర్డర్‌లో వేసేయండి.