‘అన్యత్ర నీయతే’నా, ‘అన్యః ప్రతీయతే’నా?

వడపోత: రెండు రోజులుగా ఒక శ్లోకం సగమే గుర్తొచ్చి వేధిస్తోంది. “ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్య...” ఆ తర్వాత? ప్రహార, ఆహార, సంహార అని నడిచే రెండో సగం గుర్తుంది. బ్రేక్‌డౌన్, బ్రేకప్, బ్రేక్‌త్రూ, బ్రేకిన్ అన్నీ వరసగా కనబడితే ఇది గుర్తొచ్చింది. అసలు అనుమానం వేరే. బ్రేక్ డౌన్ నామవాచకమైనా ‘డౌన్’ అనే తోక వెనకే ఉంది. మరి బ్రేక్ అవుట్ తోక ముందుకొచ్చి అవుట్‌బ్రేక్ ఎందుకైంది?

పాతపంతులు: “బలాదన్యత్ర నీయతే.” ముందు చేరే ఉపసర్గ (ప్ర, ఆ, సం లాంటిది) ధాత్వర్థాన్ని, అంటే క్రియామూలం అర్థాన్ని, మెడబట్టి ఇంకో చోటికి లాక్కుపోతుంది. ఇందులో సందేహానికి చోటే లేదు.

గడుసుమాట: ఉందండీ. “బలాదన్యః ప్రతీయతే” అనే పాఠం కూడా ఉంది, మేం వల్లెవేసింది అదే. ‘నీయతే’ అంటే పాత అర్థమే వేరే చోటికి వెళ్లింది. ‘ప్రతీయతే’ అంటే కొత్త అర్థం తోచింది. విమానం టేకాఫ్‌లో ఎవరు ఏం తీసుకున్నారు? ఇంగ్లిషుకి నా పాఠమే నప్పుతుంది. పైగా వెళ్లడమనే ‘ఇ’ ధాతువుకి ‘ప్రతి’ చేరబట్టే కదా ‘తోచడం’ వచ్చింది! సూత్రంలోనే ఉదాహరణ.

పాతపంతులు: చమత్కారం బాగుంది. చమత్కారం ప్రమాణం కాదు.

ఇంగ్లిషు మేష్టారు: ప్రశ్న కూడా ఒకటుందండోయ్. తోక ముందుండేది పాత పద్ధతి: ఇన్‌కమ్, అవుట్‌క్రై, డౌన్‌ఫాల్. క్రియని ఉన్నదున్నట్టు నామవాచకం చేసేయడం తర్వాత పెరిగింది. రెండు రకాలూ నిలిచినచోట అర్థాలు పంచుకున్నాయి. లేఅవుట్ అమరిక, అవుట్‌లే ఖర్చు. లుకవుట్ కాపలా, అవుట్‌లుక్ దృక్పథం. ఇంకొకటి, బ్రేక్‌డౌన్ నామవాచకమైతే ఊనిక (పలకడంలో నొక్కు) ‘బ్రేక్’ మీద, క్రియైతే ‘డౌన్’ మీద. ఇక అవుట్‌బ్రేక్ అంటే నాకు షేక్స్పియర్ నాటకం హామ్లెట్‌లో పొలోనియస్ అనే ముసలి మంత్రి గుర్తొస్తాడు. అక్కడ రోగమూ లేదు, యుద్ధమూ లేదు, కుర్రాడి మనసు భగ్గుమనడమే. కొడుకు మీద నిఘాకి మనిషిని పంపుతూ ఆ ముసలాయన మధ్యలో తన మాటే తను మర్చిపోతాడు చూడండి, ఎన్నిసార్లు చదివినా నవ్వొస్తుంది. సరే, నేనూ ఆయన దారే పట్టాను.

పాతపంతులు: సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దీన్ని మూడు సూత్రాల్లో తేల్చాడు. “తే ప్రాగ్ధాతోః”, ఉపసర్గలు ధాతువుకి ముందే. “ఛందసి పరేఽపి”, వేదంలోనైతే వెనక కూడా. “వ్యవహితాశ్చ”, మధ్యలో వేరే మాట దూరినా సరే. పిక్ హిమ్ అప్ అనే ఇంగ్లిషువాడు ఇంకా వేదకాలంలోనే ఉన్నాడు.

గడుసుమాట: మనకి ఆ గొడవే లేదు. లాగిన్ అయ్యాను, పికప్ చేశాను, సెటప్ మార్చాను. ఏదొచ్చినా నామవాచకం చేసి పక్కన ‘అవు’నో ‘చేయు’నో కూర్చోబెడతాం. ఇంగ్లిషు రాసేటప్పుడు కూడా “లాగిన్‌డ్” అని రాసేది అందుకే.

వడపోత: ఇన్‌కమ్‌కి మన ‘రాబడి’ అచ్చం జంట కదూ? అక్కడా రావడమే, ఇక్కడా రావడమే.

ఇంగ్లిషు మేష్టారు: రావడం వరకే జంట. ‘ఇన్’ ఏది? ‘పడు’ని తోక అంటే పంతులుగారు ఒప్పుకోరు.

పాతపంతులు: ఒప్పుకోను, అది ధాతువు.

వడపోత: అయితే బ్రేక్ డౌన్ తోక పాత పద్ధతిలో ముందుకెందుకు రాలేదు?

పాతపంతులు: అది తర్వాత. ముందు గడుసుమాటగారు ఆ ‘ప్రతీయతే’ ఏ ప్రతిలో చూశారో చెప్పాలి.