100 వాట్లు చాలవా? హ్యామ్ స్టేషన్‌కు లీనియర్ కొనాలా?

ప్రశ్న: కాకినాడ హ్యామ్

అందరికీ నమస్కారం. నాకు హ్యామ్ (ఔత్సాహిక రేడియో) జనరల్ గ్రేడ్ లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. 100 వాట్ల రిగ్‌తో (రేడియో సెట్టుతో), పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య సుమారు 5 మీటర్ల ఎత్తున కట్టిన 20 మీటర్ల బ్యాండ్ (14 మెగాహెర్ట్జ్) డైపోల్‌తో, అంటే వైరు యాంటెన్నాతో, ఎక్కువగా ఎస్‌ఎస్‌బీలో (గొంతును పంపే ఒక పద్ధతిలో) మాట్లాడుతుంటాను. శ్రీలంక, గల్ఫ్ స్టేషన్లు సులువుగానే దొరుకుతున్నాయి కానీ, ఐరోపా, అమెరికా స్టేషన్లను నేను వింటున్నా వారికి నా పిలుపు అందడం లేదు. లైసెన్సు 400 వాట్ల దాకా అనుమతిస్తుంది కనుక లీనియర్ యాంప్లిఫయర్ (రిగ్ ప్రసార శక్తిని పెంచే పరికరం) కొందామని డబ్బు కూడబెట్టుకున్నాను. ఆ ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా, లేక ముందు చేయవలసిన పని ఇంకేమైనా ఉందా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: పాత రిగ్, హైదరాబాద్

కాకినాడ హ్యామ్ గారూ, కొనే ముందు ఒక్కసారి లెక్క వేసుకోండి. 100 వాట్ల నుంచి 400 వాట్లకు వెళ్తే పెరిగేది 6 డెసిబెల్స్ (సంకేత బలాన్ని పోల్చే కొలమానం). అవతలివారి ఎస్-మీటరులో (వచ్చే సంకేతం బలాన్ని చూపే మీటరులో) అది ఒక్క గీత మాత్రమే. అమెరికాలో అనుమతించే 1500 వాట్లు మీకు ఉన్నాయనుకున్నా, 100 వాట్లతో పోలిస్తే తేడా 12 డెసిబెల్స్ లోపు, అంటే రెండు గీతలే. ఈ లెక్క కిందికి కూడా వర్తిస్తుంది కాబట్టే, మన హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు రూపొందించిన బిట్‌ఎక్స్ 40 వంటి ఏడెనిమిది వాట్ల చిన్న సెట్టుతో కూడా ఎందరో దూరదేశాలతో మాట్లాడగలుగుతున్నారు.

మీ ప్రశ్నలో నాకు ముఖ్యంగా కనిపించింది ఆ 5 మీటర్ల ఎత్తు. 20 మీటర్ల బ్యాండులో అది పావు తరంగదైర్ఘ్యం. అంత తక్కువ ఎత్తులో ఉన్న డైపోల్ మీ శక్తిలో ఎక్కువ భాగాన్ని నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపుతుంది. ఐరోపా, అమెరికాలకు చేరవలసిన సంకేతమేమో దిగంతానికి దగ్గరగా, పది పదిహేను డిగ్రీల కోణంలో బయలుదేరాలి. అదే డైపోల్‌ను 10 మీటర్లకు లేపితే, 15 డిగ్రీల కోణంలో వెళ్లే సంకేతం మంచి నేల మీద సుమారు 5 డెసిబెల్స్ పెరుగుతుంది. మీరు లీనియర్‌తో సాధించదలచిన దాంట్లో ఇది దాదాపు అంతా, అది కూడా ఒక తాడు ఖర్చుతో. పైగా యాంప్లిఫయర్ మీ మాటను మాత్రమే పెంచుతుంది; యాంటెన్నా మీ వినికిడిని కూడా మెరుగుపరుస్తుంది.

రిగ్ నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్ సంగతి కూడా చూడండి. ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు ఉంటే 14 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర డెసిబెల్స్ వరకు పోతుంది, అది భరించదగినదే. అదే కేబుల్‌ను 144 మెగాహెర్ట్జ్ సెట్టుకు వాడితే సుమారు 6 డెసిబెల్స్ పోయి, 50 వాట్లలో యాంటెన్నాకు చేరేది పన్నెండు, పదమూడు వాట్లే. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి కనెక్టర్లలో ఉప్పు పేరుకుందేమో, కేబుల్‌లోకి నీరు దిగిందేమో ఒకసారి విప్పి చూడండి. నా మొదటి స్టేషన్లో సగం శక్తి ఒక తుప్పు పట్టిన కనెక్టర్ దగ్గరే ఆవిరైపోతోందని తెలుసుకోవడానికి నాకు రెండు వర్షాకాలాలు పట్టింది.

జవాబు: విశాఖ తీరం

పై మాటలతో ఏకీభవిస్తూనే, లీనియర్ వృథా అన్న అభిప్రాయం కలగకూడదని రాస్తున్నాను. మీ సంకేతం అవతలివారి రణగొణధ్వని అంచున ఉన్నప్పుడు ఆ ఒక్క గీతే, మాట అర్థం కావడానికీ కాకపోవడానికీ మధ్య ఉన్న తేడా. అరుదైన స్టేషన్‌ను వందల మంది ఒకేసారి పిలుస్తున్నప్పుడు, 160 మీటర్ల బ్యాండులో, చంద్రుడిపై నుంచి సంకేతాన్ని ప్రతిఫలింపజేసే ప్రయోగాల్లో అధిక శక్తి నిజంగా అవసరం.

అయినా మీరు జనరల్ గ్రేడ్ పరీక్షకు మోర్స్ కోడ్ నేర్చుకునే ఉంటారు కదా, దాన్ని ఎందుకు వాడరు? ఎస్‌ఎస్‌బీకి 2400 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌ను 250 హెర్ట్జ్ ఫిల్టరుతో వినవచ్చు. ఆ మేరకు లోపలికి వచ్చే రణగొణధ్వని దాదాపు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. అది 100 వాట్లను 1000 వాట్లు చేసినంత లాభం.

జవాబు: వాల్వు ప్రేమికుడు, రాజమండ్రి

ఎప్పుడైనా కొంటే జాగ్రత్తలు చెబుతాను. వాల్వు (గాజు గొట్టాల) యాంప్లిఫయర్లలో తరచు రెండు వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు మిగిలి ఉండవచ్చు కనుక, అది పూర్తిగా దిగిందని మీటరుతో నిర్ధారించుకోకుండా మూత తెరవకండి. రిగ్ నుంచి అవసరానికి మించి శక్తి పంపితే మీ సంకేతం పక్క పౌనఃపున్యాల మీద చిమ్మి ఇతరుల సంభాషణలను పాడుచేస్తుంది. ఎఫ్‌టీ8లో (కంప్యూటరుతో సందేశాలు పంపే డిజిటల్ పద్ధతిలో) మన వంతు వచ్చిన ప్రతి 15 సెకన్లలో 12 సెకన్లకు పైగా ఎడతెరిపి లేకుండా పంపుతారు కాబట్టి, యాంప్లిఫయర్‌ను పూర్తి శక్తితో నడపకూడదు.

ప్రశ్నించినవారు: కాకినాడ హ్యామ్

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం కొబ్బరి దింపే మనిషి వస్తాడు. ఆయన చేతనే డైపోల్‌ను 10 మీటర్ల ఎత్తుకు కట్టిస్తాను, మోర్స్ కీ కూడా బయటికి తీస్తాను. ఒక్క సందేహం: చెట్లు గాలికి ఊగినప్పుడు వైరు తెగకుండా ఏం చేయాలి?

జవాబు: పాత రిగ్, హైదరాబాద్

ఒక చివర బిగించి కట్టండి. రెండో చివర తాడును చెట్టుకు కట్టిన కప్పీ మీదుగా కిందికి దించి, నీళ్లు నింపిన ఐదు లీటర్ల డబ్బా వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడు డబ్బా పైకీ కిందికీ కదులుతుంది, వైరు మీద బిగువు మారదు. డబ్బా కింద ఎవరూ నిలబడకుండా చూసుకోండి, ఎండకు చీకిపోని తాడు ఎంచుకోండి.