18 రోజుల బ్రాయిలర్ పిల్లలు లేచి నిలబడట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. 300 బ్రాయిలర్ పిల్లల్ని వేశాను, ఈరోజుకి 18 రోజులు. తినడానికి ఆత్రంగానే ఉన్నాయి కానీ పది పన్నెండు పిల్లలు లేవలేక మోకాళ్ల మీద దేకుతున్నాయి. కంపెనీ దాణా ఖర్చు భరించలేక ఐదో రోజు నుంచి మొక్కజొన్న, సోయా చెక్క, సున్నపురాయి పొడి ఇంట్లోనే కలిపి పెడుతున్నాను. రాత్రంతా లైట్లు వేసే ఉంచుతాను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఒక పిల్లని పట్టుకుని దాని ముక్కుని వేలితో మెల్లగా పక్కకి నొక్కి చూడు. గట్టిగా ఉందా, రబ్బరులా వంగుతోందా?

ప్రశ్న అడిగినవారు: వంగుతోంది అన్నా! బాగా నడిచే పిల్లల్లో కూడా కొన్నింటికి మెత్తగానే ఉంది.

జవాబు: అయితే ఇది ఎముక గట్టిపడని జబ్బు, రికెట్స్. నీ మేతలో కాల్షియం ఉంది, భాస్వరం చాలట్లేదు. మొక్కజొన్న, సోయాలో భాస్వరం ఉన్నా చాలా వరకు కోడికి అరగని రూపంలో ఉంటుంది. సున్నపురాయి పొడి ఎక్కువైతే ఆ కాస్తా కూడా ఒంటికి పట్టదు. నీ మేతలో డీసీపీ (భాస్వరం, కాల్షియం రెండూ ఇచ్చే పొడి) లేదు, డి3 విటమిన్ ఉన్న ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాలు కలిపిన పొడి) లేదు. ఒంట్లో మాంసం రోజురోజుకీ పెరుగుతుంటే మెత్తటి ఎముక ఎలా మోస్తుంది? ఇవాళే కంపెనీ స్టార్టర్ దాణాకి (చిన్న పిల్లలకి పెట్టే దాణా) మార్చు. నీళ్లలో డి3 మందు సీసా మీద రాసిన మోతాదులోనే ఇవ్వు. త్వరగా తగ్గాలని రెట్టింపు పోస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.

మరొకరి జవాబు: పడిపోయిన వాటిని విడిగా పెట్టి నీళ్లు, మేత ముక్కు దగ్గరే ఉంచండి. లేవలేని పిల్లకి మొదట వచ్చే ముప్పు దాహమే. రాత్రి నాలుగు నుంచి ఆరు గంటలు లైట్లు తీసేయండి, ఇది అసలు మొదటి వారం దాటగానే మొదలుపెట్టాలి. షెడ్డులో కింద పరిచిన ఊక గుప్పిట్లో నొక్కితే ముద్దయి విడిపోకపోతే తడి ఎక్కువైనట్టే, తిరగేసి పొడి ఊక కలపండి. తడి ఊక మీద కూర్చుంటే అరికాళ్లు పుళ్లు పడతాయి. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడుకునే పిల్ల కనిపిస్తే మాత్రం వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి, అది మారెక్స్ (కాళ్లు చచ్చుబడేలా చేసే వైరస్ జబ్బు) కావచ్చు.

ప్రశ్న అడిగినవారు: ఇవాళ్టికి తొమ్మిది రోజులైంది. కొత్తగా ఏదీ పడిపోలేదు. ఎనిమిది లేచి తిరుగుతున్నాయి. ఎముక వంగిపోయిన మూడు మాత్రం కోలుకోలేదు. వచ్చే బ్యాచ్‌కి సొంత మేత కలిపేముందు ఫార్ములా డాక్టరుకి చూపిస్తాను.