పాచిక పారలేదంటే శకుని గుర్తొస్తున్నాడు

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆటలు ఆడేవాళ్లమీద తీసిన ఒక డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ఇరవై ముఖాల పాచిక దొర్లి దొర్లి 1 మీద ఆగుతుంది, నలుగురూ తల పట్టుకుంటారు. "పాచిక పారలేదు" అని రాశాను. చదివితే శకుని కనిపించాడు. పందెం లేదు కాబట్టి "జూదరులు" అనలేను. "...నెత్తమాడుచు" (నెత్తం అంటే పాచికలాట) అని ముగిసే పద్యపాదమొకటి రెండు రోజులుగా బుర్ర తొలుస్తోంది. ఎవరిది?

— నన్నయదే అయ్యుండాలి. సభాపర్వం చూడండి.

— "అయ్యుండాలి" అంటే మీరు చూడలేదన్నమాట. విరాటుడి కొలువులో కంకుభట్టు ఆడింది నెత్తం కాదా? తిక్కనను వదిలేశారేం?

— జూదం+అరి జూదరి, నేర్పు+అరి నేర్పరి. అలాగే "నెత్తరి" అనేయండి.

— చదివేవాడికి నెత్తురే కనిపిస్తుంది మాష్టారూ!

— కనిపించనివ్వండి. నాకు మాటకన్నా మీ డాక్యుమెంటరీ సంగతి ముఖ్యం. 1985లో అమెరికాలో "60 మినిట్స్" అనే టీవీ కార్యక్రమం ఇలాంటి ఆటే అయిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను కుర్రాళ్ల ఆత్మహత్యలతో ముడిపెట్టి చూపింది. 2008 నాటి "ది డంజియన్ మాస్టర్స్" డాక్యుమెంటరీ ఆట నడిపే ముగ్గురి ఇళ్లలోకి వెళ్లింది. భయం పోయి జాలి వచ్చింది, అంతే. ఒక మనిషి నలుగురిని మాటలతో గంటలకొద్దీ ఎలా కూర్చోబెడతాడన్నది నాకు కావాలి. ఆట నడిపేవాణ్ణి "సూత్రధారి" అనండి, నాటకం మాట.

— పేపర్లో "సూత్రధారి అరెస్టు" అని రోజూ చూస్తూ కూడానా?

— మంత్రం పారినట్టే పాచికా పారుతుంది. అందులో కుట్రేముంది?

— పన్నాగం లేనిచోట ఆ మాట వాడిన ఉదాహరణ ఒక్కటి పెట్టండి. కాలవలో నీళ్లు పారడం లెక్కలోకి రాదు.

— నెత్తం, నెత్తురు అన్నారు కాబట్టి చెబుతున్నా. విరాటుడు కోపంతో పాచిక విసిరితే కంకుభట్టు ముఖాన రక్తం కారింది. అది నేల రాలకుండా సైరంధ్రి పట్టింది. ఆ ఘట్టం తిక్కన చేతిలో పడ్డాక ఇక వేరే కెమెరా ఎందుకండీ.

— అయ్యా, నా పాదం?

— చివర "చు"నా, "చున్"నా? "నెత్తమాడుచున్" అయితే ఉత్పలమాల కొసకీ అతుకుతుంది, చంపకమాల కొసకీ అతుకుతుంది. ఆ పొల్లు సంగతి గుర్తుచేసుకుని చెప్పండి, అప్పుడు వెతుకుదాం.

— "చు" అనే గుర్తు... "చున్" కూడా కావచ్చు.