చర్చి గోడకు ఫ్లెక్స్ కాకుండా మంచి బొమ్మ వేయించాలంటే ఎవరిని అడగాలి?

అందరికీ వందనాలు. బెంగళూరులో మా తెలుగు సంఘం కొత్త మందిరం కట్టుకుంది. పుల్పిట్ వెనక పన్నెండడుగుల గోడ ఖాళీగా ఉంది. కమిటీలో ఒకాయన నెట్‌లోంచి దించిన యేసు బొమ్మను ఫ్లెక్స్ కొట్టిద్దామంటున్నారు. అదే, 1940లో అమెరికాలో వార్నర్ సాల్మన్ గీసిన ముఖం. పాత మందిరంలోనూ అదే ఉండేది. రెండేళ్లకే ఎరుపంతా వెలిసిపోయి యేసయ్య నీలంగా తేలారు!

మన తెలుగు క్రైస్తవ చిత్రకారులు పి. సాల్మన్ రాజ్ గారు బాతిక్ (మైనం పూసి రంగు అద్దే) గుడ్డల మీద, చెక్క అచ్చుల్లో సువార్త కథలు చెప్పారు కదా, అలా మన మనుషుల్లా కనిపించే బొమ్మ కావాలని నా ఆశ.

మా దగ్గర 60 వేలున్నాయి. చేయి తిరిగిన యువ ఆర్టిస్టుకు అది న్యాయమైన డబ్బేనా? స్కెచ్‌కు విడిగా ఇవ్వాలా, అడ్వాన్స్ ఎంత? "దేవుని పనే కదా, ఊరికే వేయమందాం" అన్న మాట అప్పుడే వచ్చేసింది. సౌండ్ సిస్టమ్ అతన్ని మాత్రం ఎవరూ అలా అడగలేదు లెండి. శ్రీకాళహస్తి కలంకారీ చేయిస్తే కిటికీ ఎండకు ఆగుతుందా?

ఇలా వేయించుకున్న సంఘాలవాళ్లుంటే దయచేసి చెప్పండి. వచ్చే ఆదివారం ఆరాధన అవగానే కమిటీ మీటింగ్ ఉంది.