పాడ్‌కాస్ట్‌కి మైక్, ఇంటర్‌ఫేస్: ఇద్దరం, ఒకటే ల్యాప్‌టాప్, రోడ్డు పక్క గది

కూకట్‌పల్లి_కబుర్లు:
ఫ్రెండూ నేనూ కలిసి తెలుగులో క్రికెట్ పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం. అద్దె గది, కిందే రోడ్డు, ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపితే చచ్చిపోతాం. అందరూ షూర్ ఎస్ఎం7బి మైక్ అంటున్నారు, రేటు చూసి ట్యాబ్ మూసేశా. యూఎస్‌బీ కండెన్సర్ మైక్ ఒకటి కొని ఇద్దరి మధ్యా పెట్టుకుంటే చాలదా?

రేడియో_పిచ్చోడు:
వద్దు బ్రో. కండెన్సర్‌వి పాముచెవులు. హారన్లు, ఫ్యాన్, పక్కింటి కుక్కర్ విజిల్ అన్నీ పట్టేస్తుంది. డైనమిక్ మైక్ తీసుకో, అది దూరపు చప్పుళ్లని అంతగా పట్టదు.

బెజవాడ_సౌండ్:
పైన అన్న చెప్పింది సగమే నిజం. డైనమిక్‌ని కూడా రెండడుగుల దూరంలో పెట్టి గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచితే గది గోలంతా వస్తుంది. అసలు సంగతి దూరం. మైక్ నుంచి రెట్టింపు దూరం జరిగితే మీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాన్ చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. ఇద్దరి మధ్య ఒక్క మైక్ అంటే ఇద్దరికీ దూరమే. తలా ఒకటి పెట్టుకోండి, నోటికి బెత్తెడు దూరంలో, కాస్త పక్కకి తిప్పి, ఎందుకంటే "భలే", "ఫోర్" అన్నప్పుడల్లా గాలి నేరుగా కొడితే టప్ టప్ మంటుంది. ఫోమ్ తొడుగు తప్పనిసరి. కార్డియాయిడ్ మైక్ వెనకవైపు తక్కువ వింటుంది కాబట్టి వీపు కిటికీ వైపు ఉండేలా చూడండి, మైక్ వీపు అండీ, మీది కాదు.

కూకట్‌పల్లి_కబుర్లు:
అయితే రెండు యూఎస్‌బీ మైకులు?

డల్లాస్_తెలుగోడు:
అక్కడే తంటా. ఆడాసిటీ (ఫ్రీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) ఒకసారికి ఒక్క డివైస్ నుంచే రికార్డ్ చేస్తుంది. మ్యాక్‌లో రెండిటినీ ఒకటిగా కలిపి అగ్రిగేట్ డివైస్ అని చేసుకోవచ్చు, విండోస్‌లో తలనొప్పి. రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్, అంటే మైకుల్ని ల్యాప్‌టాప్‌కి కలిపే డబ్బా, కొంటే ఎవరి ట్రాక్ వాళ్లకి విడిగా వస్తుంది, ఒకడు దగ్గినా రెండోవాడి మాట పాడవదు. ఫోకస్‌రైట్ వాళ్ల స్కార్లెట్ సోలో ఇంటర్‌ఫేస్‌లో మైక్ ఇన్‌పుట్ ఒకటే, మీకు 2ఐ2 కావాలి. మైకులకి శాంసన్ క్యూ2యూ చూడండి, యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉంటాయి, ఇంటర్‌ఫేస్ తర్వాత కొన్నా పర్లేదు.

రేడియో_పిచ్చోడు:
ఎస్ఎం7బి ఎప్పటికైనా కొనాలనుంటే ఇంటర్‌ఫేస్ గెయిన్ చూసి కొను. దానికి కనీసం 60 డెసిబెల్స్ కావాలని షూర్ వాళ్లే చెప్తారు. 2ఐ2 మూడో జనరేషన్‌లో 56, నాలుగో దాంట్లో 69. పాతది చవకగా దొరికిందని తెచ్చుకుంటే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి గెయిన్ పెంచే డబ్బా మళ్లీ కొనాలి. అది నడవాలంటే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్‌లోంచే వెళ్లే కరెంటు) ఆన్ చేయాలి.

శ్రావ్య_వైజాగ్:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. హెడ్‌ఫోన్స్‌లో గుయ్యిమని సన్నటి మోత వస్తే మైక్‌ని తిట్టకండి, ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మా ఇంట్లో అలా పీకగానే మోత ఠక్కున ఆగిపోయింది, ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ సరిగ్గా లేదట. ఇప్పుడు బ్యాటరీ మీదే రికార్డ్ చేస్తా. రికార్డింగ్ లెవెల్ పీక్స్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకోండి, వికెట్ పడ్డప్పుడు మీరెలాగూ అరుస్తారు.

కూకట్‌పల్లి_కబుర్లు:
థాంక్స్ అందరికీ. రెండు క్యూ2యూ, సెకండ్ హ్యాండ్‌లో 2ఐ2 నాలుగోది దొరుకుతుందేమో చూస్తా. మైక్ స్టాండ్ టేబుల్ మీద పెడితే మావాడు ఊరికే బల్ల గుద్దుతాడు, బూమ్ ఆర్మ్ కొంటే ఆ దడదడ తగ్గుతుందా?

బెజవాడ_సౌండ్:
ఆర్మ్ కూడా అదే బల్లకి బిగిస్తే దడ వస్తుంది. గోడవైపు వేరే స్టూల్‌కి బిగించండి, లేదంటే ఆయన చేతికి ఒక బాల్ ఇవ్వండి.